అపార్ట్‌మెంట్ ఆవరణలో భోగి మంట వేయవచ్చా? వేస్తే ఎలా?

కార్యదర్శి గారికి నమస్కారం. మీరు రాసిన దాని సారాంశం ఇదీ: ఎనభై కుటుంబాలున్న అపార్ట్‌మెంట్. పోయిన భోగికి కుర్రాళ్లు గేటు లోపలి తారురోడ్డు మీదే పాత టైర్లు, విరిగిన సోఫా వేసి మంట పెట్టారు. రోడ్డు కరిగి గుంటపడింది. పైఅంతస్తులో ఉబ్బసం ఉన్న పెద్దాయన రెండు రోజులు మంచం దిగలేదు. ఈసారి సగం మంది మంటే వద్దంటున్నారు, మిగిలిన సగం పిల్లలకు పండగ లేకుండా చేస్తారా అంటున్నారు. ఏం చేయాలని మీరు అడిగారు.

వేయండి. చిన్నగా వేయండి, ఎండిన కట్టెతో వేయండి, మొదటి నుంచి చివరి దాకా ఒక మనిషిని బాధ్యుడిగా పెట్టి వేయండి. నేను అగ్నిమాపక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మా కాలనీలో భోగి మంట పని నాకే అప్పగిస్తున్నారు. ఉద్యోగంలో ఉండగా నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. మంట నిలువెత్తున లేచినప్పుడు ప్రమాదాలు తక్కువ. అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి, సెగకు ఎవరూ దగ్గరికి పోరు. అగ్గిపుల్ల గీసే క్షణంలో కొన్ని ప్రమాదాలు జరుగుతాయి. అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక, మంట ఆరిందనుకున్న తరువాత మరికొన్ని జరుగుతాయి. మీ పెద్దాయనకు జరిగిన హాని వీటికి వేరు. అది మంటలో ఏం వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. ముందు దాని సంగతే చూద్దాం, ఎందుకంటే మీ కాలనీలో గొడవంతా అక్కడే మొదలైంది.

పాతవన్నీ భోగి మంటలో వేయాలని పెద్దలు చెప్పిన మాట నిజమే. అయితే వాళ్లింట్లో పాతవి అంటే ఏమిటో గుర్తు చేసుకోండి. చిరిగిన ఈతచాప, తుంగచాప, అరిగిపోయిన కొబ్బరిఈనెల చీపురు, చివికిన తట్టలు, బుట్టలు, చేటలు, పుచ్చిన కలప. అన్నీ చెట్టు నుంచి వచ్చినవే, కాలితే బూడిదయ్యేవే. ఈనాడు మన ఇంట్లో పాతబడే చాప ప్లాస్టిక్ చాప, చీపురుకు ప్లాస్టిక్ పిడి, పరుపులో ఫోము, కుర్చీకి రెగ్జిన్, బీరువాకు సన్‌మైకా. ఆచారం పేరు చెప్పి వీటిని మంటలో వేస్తే ఆచారం పాటించినట్టు కాదు. ఆ పాతచాప స్థానంలో ఈ ప్లాస్టిక్ చాప ఎన్నడూ లేదు.

టైరు గురించి విడిగా చెప్పాలి. టైరు త్వరగా అంటుకోదు, అంటుకుంటే త్వరగా ఆరదు. అందుకే కుర్రాళ్లకు అది ఇష్టం, మంట ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ దాన్నుంచి వచ్చే నల్లపొగలో గంధకం ఆక్సైడ్లు, బెంజీన్ వంటివి ఉంటాయి. లోపలి ఉక్కుతీగలు మంట ఆరాక కూడా మిగిలి ఉంటాయి, మర్నాడు పిల్లల పాదాలకు గుచ్చుకుంటాయి. పి.వి.సి. పైపులు, విద్యుత్ తీగల తొడుగులు, కొన్ని రకాల ఫ్లెక్సీలు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది తడి తగిలితే ఆమ్లమవుతుంది. ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉండేది తడే. వీటి నుంచే డయాక్సిన్లనే విషపదార్థాలు కూడా పుడతాయి. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు చెక్కలాగే కనిపిస్తాయి కనుక చాలామంది మంచివే అనుకుంటారు. వాటిని అతికించేది రసాయన జిగురు, కాలిస్తే ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు వస్తుంది. పాత తలుపులు, కిటికీలు టేకువే కావచ్చు, పైన వేసిన పాతరంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ సీసం పొగతో కొంత పోతుంది, మిగతాది బూడిదలో ఉండిపోతుంది. రంగు వేసిన చెక్క ఏదైనా సరే మంటకు దూరంగా ఉంచండి.

2018 భోగి నాడు చెన్నైలో పొగమంచుకు ఈ పొగ తోడై రన్‌వే కనిపించక విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్నింటిని వేరే ఊళ్లకు మళ్లించారు. తెల్లవారుజామున అలా జరగడానికి కారణముంది. మామూలుగా నేల దగ్గర గాలి వెచ్చగా ఉండి పైకి లేస్తుంది, పొగను కూడా తీసుకుపోతుంది. జనవరిలో రాత్రంతా నేల చల్లబడటం వల్ల కింది గాలి చల్లగా, దాని పైన ఉన్న గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. చల్లగాలి బరువు, పైకి పోదు. కుండ మీద మూత పెట్టినట్టు పొగ కిందే ఉండిపోతుంది. ఎండ పొడిచి నేల వెచ్చబడే దాకా ఆ మూత తొలగదు. మనం భోగి మంట వేసేది సరిగ్గా ఆ వేళలోనే. వేళ మార్చమని నేను చెప్పను, తెల్లవారకముందు వేసేదే భోగి మంట. పొగ తగ్గించుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

పొగ తగ్గాలంటే కట్టె ఎండాలి. అప్పుడే కొట్టిన చెట్టులో సగం బరువు నీరే. ఆ నీరు ఆవిరి కావడానికే మంట వేడి ఖర్చైపోతుంది, కట్టె సరిగా కాలక పొగ చిమ్ముతుంది. సరుగుడు, తుమ్మ, మామిడి, సుబాబుల్ ఏదైనా సరే, కొన్ని నెలలు ఎండినదై ఉండాలి. రెండు కట్టెలను ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి, చివర్లలో పగుళ్లు కనిపించాలి, బెరడు గోటితో ఊడాలి. దబ్‌మని మెత్తగా మోగితే అది పచ్చిది. ఇప్పుడే టింబరు డిపోలో చెప్పి ఉంచండి, భోగి ముందురోజు వెతికితే పచ్చిమొద్దులే అంటగడతారు. చెట్టు కొట్టే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. మన రెండు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. రాత్రిపూట పక్కవాళ్ల కంచె, గేటు, బల్లలు ఎత్తుకొచ్చి మంటలో వేయడం కొన్ని ఊళ్లలో సరదాగా సాగుతోంది. అలా వచ్చిన సామానులో రంగు చెక్కలు, మేకులు, ప్లాస్టిక్కే ఎక్కువ. అపార్ట్‌మెంట్ కుర్రాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి.

రెండు మొక్కల గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. ఒకటి గన్నేరు. అపార్ట్‌మెంట్ ప్రహరీల వెంట, రహదారుల మధ్య డివైడర్లలో అదే ఉంటుంది. కత్తిరించిన కొమ్మలు ఓ మూల ఎండి పడి ఉంటాయి, చేతికందినవి కదా అని మంటలో వేస్తారు. గన్నేరు నిలువెల్లా విషం, దాని పొగ కూడా మంచిది కాదు. రెండోది జీడిపిక్కల తొక్క. పలాస వైపు ఇది చవకగా దొరికే వంటచెరుకు. అందులోని జీడినూనె చర్మాన్ని పొక్కిస్తుంది, దాని పొగ కళ్లను, గొంతును మండిస్తుంది. కార్ఖానా పొయ్యిలో వాడారు కదా అని జనం చుట్టూ కూర్చునే మంటలో వాడకూడదు.

వెదురు వేస్తే ముందు నిలువునా చీల్చండి. కణుపుల మధ్య గాలి వేడెక్కి తుపాకీ పేలినట్టు పేలుతుంది, నిప్పుముక్కలు ఎగురుతాయి. తాటాకు, ఎండిన కొబ్బరిమట్ట రాజుకోవడానికి కొద్దిగా సరిపోతాయి. తాటాకు కాలుతూనే గాలిలోకి లేచి పైకప్పుల మీద వాలే రకం. పక్కన గుడిసెలు, గడ్డివాములు, ఎండిన కొబ్బరితోట ఉంటే తాటాకు పూర్తిగా మానేయండి. దోమలమందు డబ్బాలు, సెంటు డబ్బాలు, పాత బ్యాటరీలు, పిల్లల ఆటబొమ్మల్లోని సెల్‌లు మంటలో పేలతాయి. చెత్తబుట్టను అలాగే తెచ్చి గుమ్మరించే వాళ్లు ప్రతి కాలనీలోనూ ఉంటారు. అందుకే ముందురోజు సాయంత్రమే ఒకచోట బల్ల వేసి, ఎవరేం తెచ్చినా అక్కడ చూసి తీసుకునే ఏర్పాటు చేయండి. పనికిరానివి పక్కన పోగుపెట్టి పురపాలక సంస్థ బండికి, పాతసామాను కొనేవాళ్లకు ఇవ్వండి. పాతవి వదిలించుకోవాలన్న కోరిక అలా కూడా తీరుతుంది. మా కాలనీలో ఈ బల్ల పెట్టిన ఏడాది నుంచి పొగ మీద ఫిర్యాదులు బాగా తగ్గాయి.

పిడకల విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. పేడపిడకల పొగ గాలిని శుద్ధి చేస్తుందనీ, ఆమ్లజని (ఆక్సిజన్) ఇస్తుందనీ ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. ఏదైనా కాలుతున్నదంటే ఆమ్లజనిని వాడుకుంటున్నదని అర్థం. పిడక కట్టెకన్నా ఎక్కువ పొగే ఇస్తుంది. పిడకల పొయ్యి ముందు జీవితమంతా వంట చేసిన మన అమ్మమ్మల దగ్గుకు కారణాల్లో అదొకటి. కాబట్టి మంటంతా పిడకలతో పేర్చవద్దు. పిల్లలు గొబ్బెమ్మలను ఎండబెట్టి, చిన్నచిన్న పిడకలు చేసి, దండ గుచ్చి తెచ్చి వేస్తారు కదా, దాన్ని మాత్రం ఎవరూ ఆపకండి. కోనసీమ పిల్లలు ఆ దండల కోసం వారాల తరబడి పనిచేస్తారు. ఒక్కొక్కరు ఒక దండ వేస్తే పెద్ద పొగేమీ రాదు, పిడకలు గలగలమనేలా ఎండి ఉంటే చాలు. పచ్చిగా ఉన్న దండను పక్కన పెట్టి, పొయ్యిలోనో మరోరోజో వాడుకోమని సర్దిచెప్పండి.

ఇక చోటు. తారురోడ్డు మీద వద్దు. తారు 50 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, భోగి మంట అడుగున వేడి దానికి ఎన్నో రెట్లు. సిమెంటు మీద కూడా వద్దు. కాంక్రీటులో ఇంకిన తేమ ఆవిరై, బయటికి పోయే దారిలేక పెచ్చులు పేలుతుంది. వాగులో నుంచి తెచ్చిన గుండ్రాళ్లను చుట్టూ పెట్టినా అంతే, లోపలి తడికి పగిలి ఎగురుతాయి. మట్టినేల ఉంటే గడ్డి చెక్కేసి అక్కడ వేయండి. లేకపోతే ఇసుకను జానెడు మందం పరిచి, చుట్టూ ఎండిన ఇటుకలు పేర్చండి. మీ ఆవరణలో ఆడుకునే చోటు మట్టినేల అని రాశారు, అదే మంచిది. మంట పడ్డచోట పిల్లలు వారందాకా ఆడకుండా తాడు కట్టాలి, ఎందుకో తరువాత చెబుతాను.

దూరం ఎంత ఉండాలంటే, అమెరికాలో చాలా ఊళ్లు పాటించే అంతర్జాతీయ అగ్నినియమావళి లెక్క నాకు నచ్చింది. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు దాటని చిన్నమంటకు గోడ నుంచి 25 అడుగులు, అంతకన్నా పెద్దదానికి 50 అడుగులు. మన ఆవరణల్లో 50 అడుగుల ఖాళీ ఎక్కడా దొరకదు కనుక చిన్నమంటే మనకు గతి. ఎనభై కుటుంబాలకు ఆ మంట చాలదంటారేమో. రెండు గంటల పాటు కట్టె కొద్దికొద్దిగా అందిస్తూ పోతే అందరూ వంతులవారీగా చలి కాచుకుంటారు, పిడకలు వేస్తారు. ఎత్తు కోసం పక్కవీధితో పోటీ పడి నిలువెత్తు దుంగలు నిలబెడితే, కింద కాలగానే అవి ఎటు పడతాయో ఎవరూ చెప్పలేరు. చదరంగా, గూడులా అడ్డంగా నిలువుగా పేర్చండి. కాలినకొద్దీ లోపలికే కుంగుతుంది.

పైకి కూడా చూడండి. విద్యుత్ తీగలు, కేబుల్ టీవీ వైర్లు, చెట్టుకొమ్మలు, పండగకు కట్టిన ప్లాస్టిక్ తోరణాలు, షామియానా ఏవీ నెత్తిన ఉండకూడదు. ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, గ్యాస్ సిలిండర్ల గది, నిలిపిన కార్లు, బైకులు వీటికి దూరంగా జరగండి. పైపుల గ్యాసు వచ్చే భవనమైతే నేలలో పైపు ఎటు పోతున్నదో సూచించే గుర్తులుంటాయి, వాటి మీద వేయవద్దు. కార్లను ముందురోజు రాత్రే తీయించండి. తెల్లవారుజామున తలుపులు కొట్టి తాళాలు అడిగితే ఎవరూ లేవరు. గేటు ముందు మాత్రం ఎప్పుడూ వద్దు, అంబులెన్సు గానీ ఫైరింజన్ గానీ లోపలికి రావాలంటే దారి అదే.

ఉబ్బసం ఉన్న పెద్దాయన దగ్గరికి మీరే స్వయంగా వెళ్లండి. ఎక్కడ వేస్తున్నాం, ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుంది, ఏమేం వేయబోతున్నాం అని చెప్పండి. ఆయన కిటికీలు ఏ వైపున్నాయో చూసి, గాలి అటు పోని చోటు ఎంచుకోండి. ముందురోజు అదే వేళకు ఒక అగరుబత్తి వెలిగించి పట్టుకుంటే పొగ ఎటు పోతున్నదో తెలుస్తుంది. కిటికీలు మూసుకుని, ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోమనండి. గుడ్డమాస్కు పొగను ఆపదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు పొగ వచ్చే దిశలో కూర్చోకూడదు. ఆ పొగే వద్దని ఆయన గట్టిగా అంటే ఆ మాటను సంఘంలో అందరి ముందు పెట్టండి. ఒక మనిషి ఊపిరి ఆడటం కన్నా మన సంబరం పెద్దదని నేను అనను. అలాంటప్పుడు కాలనీ బయటి ఖాళీస్థలంలో, దాని యజమాని అనుమతితో వేసుకోవచ్చు.

అనుమతుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వీధుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్త కాల్చకూడదని చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు కట్టాలని ఆదేశించింది. టైర్లు, సోఫాలు వేసినప్పుడు అది పండగ మంట లెక్కలోకి రాదు, చెత్త కాల్చడం కిందకే వస్తుంది. వందమందికి మించి గుమిగూడే కార్యక్రమమైతే స్థానిక సంస్థకు మూడు పనిదినాల ముందు తెలపాలని ఆ 2016 నియమాల్లోనే చెప్పారు. ఎనభై కుటుంబాలంటే వందమంది దాటతారు. ఒక కాగితం రాసి పురపాలక కార్యాలయంలో ఇవ్వండి, దగ్గరి అగ్నిమాపక కేంద్రానికీ ఒక మాట చెప్పండి. మీరు ఫోన్ చేసి ఎక్కడ, ఎన్ని గంటలకు అని చెబితే కేంద్రంలో వాళ్లు సంతోషిస్తారు. ఎవరో దూరం నుంచి మంట చూసి 101కు ఫోన్ చేస్తే బండి అనవసరంగా బయల్దేరే పని తప్పుతుంది.

వెలిగించే దగ్గరికి వద్దాం. కట్టెలు రెండు మూడు రోజుల ముందే పేర్చి ఉంచే అలవాటు ఉంటే, తెల్లవారుజామున ఆ కుప్పను పూర్తిగా విప్పి పక్కన మళ్లీ పేర్చండి. చలికి కుక్కపిల్లలు, పిల్లికూనలు అందులో దూరతాయి. పాములు, ఉడతలు, తొండలు చేరతాయి. పైపైన కర్రతో కదిపితే అవి బయటికి రావు, ఇంకా లోపలికి దూరతాయి. కట్టెలు పక్కన విడిగా ఉంచుకుని తెల్లవారుజామునే పేర్చుకుంటే ఈ బాధే ఉండదు.

పెట్రోలు పోయవద్దు. ఈ ఒక్క మాట మీ నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా మండే ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, కంటికి కనిపించకుండా నేల మీద పరుచుకుని పోసినవాడి కాళ్ల చుట్టూ చేరుతుంది. పోసిన తరువాత అగ్గిపెట్టె కోసం వెతికే అరనిమిషంలో ఆవిరి కట్టెల సందులన్నీ నింపేస్తుంది. పుల్ల గీయగానే కుప్పంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది, గీసినవాడు మధ్యలో ఉంటాడు. అంతకన్నా ఘోరం, మంట మందగించిందని డబ్బాతో మళ్లీ పోయడం. మంట ధార వెంట డబ్బాలోకి ఎక్కుతుంది, భయంతో డబ్బా విసిరితే అది పక్కనున్న వాళ్ల మీద పడుతుంది. ముఖం, చేతులు కాలిన ఇలాంటి యువకులను నేను అంబులెన్సు ఎక్కించాను. డీజిలు, థిన్నర్, శానిటైజరు ఏవీ మేలు కాదు. శానిటైజరు మంట పగటివేళ సరిగా కనిపించదు కూడా.

ఎండిన కట్టెకు ఇవేవీ అక్కర్లేదు. నేతిలో తడిపిన ఒక పిడక, నాలుగు కర్పూరపు బిళ్లలు, ఎండిన కొబ్బరిపీచు, పైన వేలు మందపు పుల్లలు, ఆ పైన మణికట్టు మందపు కట్టెలు. గాలికి వీపు పెట్టి కింద వెలిగించి, నాలుగు అడుగులు వెనక్కి వేయండి. పెద్దదుంగలు మంట పట్టుకున్నాకే వేయాలి. అంటుకోవడం లేదంటే కట్టె పచ్చిదైనా అయ్యుండాలి, గాలి ఆడనంత దగ్గరగా పేర్చి అయినా ఉండాలి. నూనె పోసి కప్పిపుచ్చకుండా ఆ లోపం సరిచేయండి.

మంట చుట్టూ ఆరడుగుల దూరంలో ముగ్గుపిండితో గీత గీయండి. పిల్లలకు గీత బాగా అర్థమవుతుంది, ఆటలో గీతలు వాళ్లకు అలవాటే. దండలు వేసేటప్పుడు పెద్దవాళ్లు ఒక్కొక్క పిల్లను చెయ్యిపట్టి తీసుకువెళ్లి, గాలి వచ్చే వైపు నుంచి వేయించి వెనక్కి తేవాలి. పండగ బట్టలు భోగి మంట దగ్గరికి వద్దు. నైలాన్, పాలియెస్టర్ ఓణీలు, పరికిణీలు, వేలాడే చున్నీలు అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ఒంటికి పట్టే నూలుబట్టలు, జడ ముడి, కాళ్లకు చెప్పులు ఉండాలి. తలంటు పోసుకుని కొత్తబట్టలు కట్టుకోవడం ఎలాగూ మంట తరువాతే కదా. మంట మీదుగా దూకే పందేలు, తాగి వచ్చేవాళ్లు, ఉత్సాహం ఎక్కువై టపాకాయలు విసిరేవాళ్లు ఉంటే నిర్మొహమాటంగా బయటికి పంపండి.

మంట మీద నీళ్లు కాచుకుని తలంటుకు పట్టుకువెళ్లడం చాలా ఇళ్లలో ఉంది. ఈ ఆచారం దగ్గర నాకు మంటకన్నా నీళ్లంటేనే భయం. 60 డిగ్రీల నీరు చిన్నపిల్లల ఒంటిని కొన్ని క్షణాల్లోనే కాలుస్తుంది, కాగులో మరుగుతున్నవి వంద డిగ్రీలు. చీకట్లో, పిల్లలు పరుగెత్తే దారిలో, చేతికి గుడ్డ చుట్టుకుని గంగాళం మోసుకుపోవడం కన్నా ప్రమాదం మరొకటి లేదు. నీటిపాత్రకు మంటలోనే చోటివ్వకండి. పక్కగా మూడు ఇటుకల పొయ్యి పెట్టి, మంట నుంచి కొన్ని నిప్పులు పారతో తీసి అందులో వేసి కాచండి. మూత ఉన్న బక్కెట్లలో చన్నీళ్లు కలిపాకే ఇళ్లకు పంపండి.

దగ్గరే రెండు డ్రమ్ముల నీళ్లు, బక్కెట్లు, ఒక పొడుగు పైపు కుళాయికి తగిలించి, పార ఒకటి, ఇసుక ఒక కుప్ప ఉంచుకోండి. బట్టలకు నిప్పంటుకున్నవాళ్లు పరుగెత్తకూడదు. నేల మీద పడుకోబెట్టి దొర్లించాలి, మందపాటి నూలుదుప్పటి కప్పాలి. ఒళ్లు కాలితే కుళాయి ధార కింద 20 నిమిషాలు పెట్టాలి. చాలామంది రెండు నిమిషాలకే ఆపేసి ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, వెన్న రాస్తారు. వాటివల్ల వేడి లోపలే ఉండిపోతుంది, ఆసుపత్రిలో వాటిని గీకి తీయాల్సివస్తుంది. ఐసు కూడా వద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. అతుక్కున్న బట్ట పీకవద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోన్ చేయండి. ముఖం, చేతులు, కీళ్లు కాలినా, అరచేతికన్నా పెద్దగా పొక్కినా, పసిపిల్లలైతే ఎంత చిన్నదైనా ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సిందే.

ఇప్పుడు అందరూ మరచిపోయే భాగం. ఎనిమిది గంటలకు మంట కుంగుతుంది, ఎండ వస్తుంది, ముగ్గులు, పిండివంటలు పిలుస్తాయి. ఎవరో నాలుగు పారల మట్టి పైన వేసి ఆరిపోయిందంటారు. మట్టి నిప్పును ఆర్పదు, దాస్తుంది. గాలి తగలని కణికలు లోపల గంటల తరబడి, కొన్నిసార్లు మర్నాటి దాకా కాలుతూనే ఉంటాయి. పైన మాత్రం చల్లని మట్టికుప్ప కనిపిస్తుంది. సంక్రాంతి నాడు గాలిపటం వెంట పరుగెత్తే పిల్లవాడు చెప్పులు లేకుండా దాని మీద కాలు వేస్తాడు. అందుకే నేను తాడు కట్టమన్నది.

ఆర్పే పద్ధతి ఇదీ. కొత్త కట్టె వేయడం ఆపి అరగంట కాలనివ్వండి. పొడుగుపిడి పారతో దుంగలను విడదీయండి. గాలి వచ్చే వైపు నిలబడి నీళ్లు అంచుల నుంచి మధ్యకు నెమ్మదిగా చల్లండి. ఒక్కసారిగా బక్కెట్టు కుమ్మరిస్తే ఆవిరి, వేడిబూడిద ముఖం మీదికి ఎగుస్తాయి. తిరగేయండి, మళ్లీ నీళ్లు పోయండి, మళ్లీ తిరగేయండి. సుయ్‌మన్న శబ్దం, ఆవిరి పూర్తిగా ఆగాలి. చివరికి అరచేతి వెనకభాగం బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి, వెచ్చదనం తగిలితే పని కాలేదు. మధ్యాహ్నం ఒకసారి మళ్లీ చూడాలి. ఈ పనికి ఒక మనిషి పేరు ముందే రాసిపెట్టుకోండి. ఆ మనిషి ఇంటి పిండివంటలను అందరూ పంచుకుని చేసిపెట్టండి, ఏమీ తప్పులేదు.

నిప్పులను కుంపటిలో వేసుకుని గదిలోకి తీసుకువెళ్లి తలుపులు మూసుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వేడిబూడిదను ప్లాస్టిక్ చెత్తడబ్బాలోకి ఎత్తవద్దు. పూర్తిగా చల్లారిన కట్టెబూడిదను మొక్కలకు కొద్దికొద్దిగా వాడుకోవచ్చు, అందులో పొటాషియం ఉంటుంది. క్షారగుణం ఎక్కువ కనుక ఒకే కుండీలో గుప్పిళ్లకొద్దీ వేయకండి.

మీ ప్రశ్న కింద తెలంగాణ మిత్రులొకరు కాముని దహనానికీ ఇవే జాగ్రత్తలా అని అడిగారు. ఇవే, ఇంకొంచెం ఎక్కువ. ఫాల్గుణ పున్నమి నాటికి ఆకు రాలి, గడ్డి ఎండి ఉంటుంది, రాత్రి గాలి కూడా ఉంటుంది. భోగికి ఉండే మంచుతడి అప్పుడు ఉండదు. చుట్టూ ఎండుగడ్డి చెక్కి, నేల తడిపి మొదలుపెట్టండి.

ఆస్ట్రేలియాలో ఉన్న చెల్లెలు తమ సంఘం వాళ్లు పార్కులో భోగి మంట వేస్తామంటున్నారని రాశారు. అమ్మా, మీకు జనవరి నడివేసవి, కార్చిచ్చుల కాలం. సంపూర్ణ అగ్నినిషేధం ప్రకటించిన రోజైతే ఆరుబయట నిప్పు వెలిగించడమే నేరం. నిషేధం లేని రోజైనా మీ ప్రాంతపు అగ్నిమాపక శాఖను, పార్కు నిర్వాహకులను అడగకుండా వేయవద్దు. ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెట్టి, పిల్లలకు సాయంత్రం భోగిపళ్లు పోయండి.

కార్యదర్శి గారూ, ఆటస్థలం పొడవు, వెడల్పు, దాని మీదుగా తీగలు ఏమైనా పోతున్నాయా, కుళాయి ఎంత దూరంలో ఉందో రాయండి. ఎక్కడ వేస్తే బాగుంటుందో చూసి చెబుతాను.